మొదటి వానను నమ్మనివి

రెండు ముక్కలు మాట్లాడమన్నారు.
నా పేరు వాషింగ్టన్ సిల్వేరా.
నవ్వకండి, ఉరుగ్వేలో ఇది మామూలు పేరే.
ముప్పై నాలుగేళ్లు ఈ భవనంలో గాజుపాత్రలు కడిగాను.
గోడకు పటం కట్టి పూలు పెట్టారే,
ఆ ఎలిదా బెంతాంకోర్‌కి బురద మోసినవాణ్ణి.

రోచా దారిలో, గొడ్లు తొక్కిన గుంటల్లో
చలికాలపు వానకు ఒక చేప పుడుతుంది, గోరంత.
వేసవికి గుంట ఎండిపోతుంది, చేప చచ్చిపోతుంది.
గుడ్డు మాత్రం
నెర్రెలిచ్చిన మట్టిలో ఊపిరి బిగబట్టి పడుకుంటుంది.

ఆమె మొదటిసారి మైక్రోస్కోపు దగ్గరికి పిలిచినప్పుడు
చేతులు చొక్కాకి తుడుచుకుని వెళ్లాను.
పచ్చసొన మీద గింజలు చల్లినట్టు కణాలు,
దేని దారి దానిది, ఎవరికి ఎవరూ కానట్టు.
"పాడైపోయిందమ్మా" అన్నాను.
"లేదు, ఇది ఇలాగే మొదలవుతుంది.
ముందు చెదిరిపోతాయి. నెలల తరబడి కూడా అలాగే ఉండగలవు.
తర్వాత ఒకచోటికి చేరి వెన్ను కడతాయి.
వాటిని పిలిచేదెవరు?"
నన్నే అడిగిందనుకుని జవాబు వెతుక్కున్నాను.
అందరినీ అదే అడుగుతుందని తర్వాత తెలిసింది.

డెబ్భై మూడులో తుపాకులొచ్చి మెట్ల మీద కూర్చున్నాయి.
సంతకం పెట్టమన్న కాగితాన్ని ఆమె
చల్లారిన కాఫీలా పక్కకి జరిపింది.
అంతే, ఉద్యోగం పోయింది.
ఆమె శిష్యుల్లో ఒకడు ఉప్సాలాలో అంట్లు తోముతున్నాడన్నారు,
ఒకామె మెక్సికోలో.
యమందూ ఎక్కడున్నాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఆమె ఎక్కడికీ పోలేదు.
అగ్రాసియాదా వీధిలో, గుండీల దుకాణంలో
పదకొండేళ్లు నిలబడింది.
గుండీలను కూడా కన్నాల లెక్కన అరల్లో సర్దిందట!

నేనేం చేశానంటే,
ఆ సాయంత్రం రొట్టె సంచి అడుగున తడిమట్టి దాచి బయటికి తెచ్చాను.
మాతే ఆకు డబ్బాల్లో పోసి మంచం కిందకి తోశాను.
"ఇంట్లో ఉన్న పురుగులు చాలవా" అంది మా ఆవిడ.
చలికాలం నీళ్లు పోసేవాణ్ణి, పిల్లలు లేచేవి,
పెరిగేవి, గుడ్లు పెట్టేవి, పోయేవి.
వేసవికి మళ్లీ ఎండగట్టేవాణ్ణి.
ఎందుకని అడిగితే ఏం చెప్పను?
ఎవరో తిరిగొస్తారని కాదు.
చేతికి పని అలవాటైంది.

ఎనభై అయిదులో ఆమె మెట్లెక్కి వచ్చింది,
జుట్టు తెల్లగా, చంకలో గొడుగు.
డబ్బాలు బల్ల మీద పెట్టాను.
పదకొండు చీటీలు, నా కోడిగీతల రాతలో.
ఏడుస్తుందనుకున్నాను.
ఒక్కొక్కటే చదివి, కళ్లజోడు దించి,
"డెబ్భై తొమ్మిదిలో ఉష్ణోగ్రత రాయలేదేం?" అంది.

ఆ డబ్బాల్లోంచి వచ్చింది ఆ వ్యాసం.
నీళ్లు తగలగానే గుడ్లన్నీ లేవవని.
కొన్ని మొదటి వానను నమ్మవని.
నమ్మి లేచినవి ఒక్కోసారి మండుటెండలో పడతాయని,
జాతిని కాచేది ఆ నమ్మనివేనని.
నాలుగు వందల పన్నెండు సార్లు ఉదహరించారట,
ఇందాక డీన్‌గారు చదివారు.
నా నోరు తిరగని ఊళ్లలో ఎవరెవరో.
ఒక జర్మన్ కుర్రాడు వచ్చి నా చెయ్యి వదల్లేదు:
"ఆ సిల్వేరా మీరేనా?"
వ్యాసం చివర, కృతజ్ఞతల్లో, అచ్చులో ఉందిలెండి:
డబ్ల్యు. సిల్వేరాకు, పదకొండు వానలకు.

పిలిచేదెవరో మాత్రం ఆమె కనుక్కోలేదు.
ఆసుపత్రిలో కూడా "గుంట నిండిందా?" అనే అడిగింది.
నిండిందన్నాను.
ఆ గుంటను చదును చేసి వరి వేశారు, నాలుగేళ్లయింది.

నిన్న రాత్రి ఆఖరి డబ్బాలో నీళ్లు పోశాను.
పొద్దున లెక్కపెడితే ముప్పై లేచాయి.
తొమ్మిది లేవలేదు.
ఆ తొమ్మిదినీ పారబోయకండి, అదొక్కటే నా మనవి.
ఇక వెళ్తాను, పిల్లలకు నీళ్లు మార్చాలి,
రోచా బస్సు ఆరింటికి.